కంటి కండరం ఎంత మందముంటే ఎక్కువ?

ముక్కు దిబ్బడ, నొసటి నొప్పి ఎంతకీ తగ్గకపోవడంతో సైనస్‌లకు సీటీ స్కాను తీయించుకున్న ఒకావిడ, ఆ రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. సైనస్‌ల గురించి అందులో నాలుగు వాక్యాలున్నాయి. వాటి మీద ఆవిడకు ధ్యాసే లేదు. ఆవిడ వేలు పెట్టి చూపించినది చిట్టచివరి వాక్యం: కుడి కంటి ఇన్‌ఫీరియర్ రెక్టస్ కండరం మందం 6.7 మిల్లీమీటర్లు, పెరిగినట్లు కనిపిస్తోంది, థైరాయిడ్ నేత్రవ్యాధి ఉన్నదేమో పరిశీలించగలరు. థైరాయిడ్ సమస్యతో ముడిపడి కంటి కండరాలు, వాటి చుట్టూ ఉన్న కొవ్వు ఉబ్బే జబ్బు అది.

"6.7 అంటే ఎంత ఎక్కువండీ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఫోను తీశారు. ఆరు వారాలుగా రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి తీసుకున్న కంటి ఫోటోలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. కొన్నింటిలో కుడికన్ను కాస్త ముందుకు వచ్చినట్టు తనకు అనిపిస్తోందన్నారు. థైరాయిడ్ రక్తపరీక్షలు అప్పటికి రెండుసార్లు చేయించుకున్నారు, రెండుసార్లూ మామూలుగానే ఉన్నాయి. చూపులో తేడా లేదు, ఒకటి రెండుగా కనిపించడం లేదు, కంట్లో ఎరుపు గానీ నీరు కారడం గానీ లేవు. ఉన్నదల్లా ఆ ఒక్క అంకె.

రేడియాలజిస్టుగా రోజూ ఇలాంటి అంకెలు రాసేవాళ్లలో నేనూ ఒకడిని. కాబట్టి ఆ రిపోర్టు రాసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆవిడ వెళ్లిపోయాక చాలాసేపు ఆ వాక్యమే నన్ను వదల్లేదు. కంటి కండరం మందాన్ని ఎలా కొలిచామో, ఆరోగ్యవంతుల్లో అది ఎంతవరకు మారుతుందో, రెండో కంట్లో ఎంత ఉన్నదో చెప్పకుండా ఉత్త అంకె ఒకటి రాసి, పక్కన "పెరిగింది" అనే మాట చేర్చకూడదని నాకు అంతకంతకూ గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో వివరంగా చెప్తాను. ఈ అభిప్రాయానికి ఎదురు నిలిచే ఒక అనుభవం కూడా నాకుంది, దాన్నీ దాచను.

ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చింది

మేము వాడే హద్దుల్లో బాగా ప్రచారంలో ఉన్నవి 1998లో ఓజ్‌గెన్, అరియురెక్ అనే ఇద్దరు పరిశోధకులు సీటీ మీద కొలిచి ప్రచురించినవి. వారి లెక్క ప్రకారం ముక్కువైపు ఉండే మీడియల్ రెక్టస్ 3.3 నుంచి 5.0 మిల్లీమీటర్లు, కణతవైపు ఉండే లాటరల్ రెక్టస్ 1.7 నుంచి 4.8, కనుగుడ్డు కింద ఉండే ఇన్‌ఫీరియర్ రెక్టస్ 3.2 నుంచి 6.5 వరకు ఉండవచ్చు. ఈ అంకెలను ఒక్కసారి నిదానంగా చూడండి. లాటరల్ రెక్టస్ విషయంలో కింది హద్దు కంటే పై హద్దు రెండున్నర రెట్లకు పైగా ఉంది. ఇన్‌ఫీరియర్ రెక్టస్ విషయంలో రెట్టింపు కంటే కాస్త ఎక్కువ. ఇద్దరు ఆరోగ్యవంతులను పక్కపక్కన నిలబెడితే, ఒకరి కండరం మరొకరి కండరానికి రెట్టింపు మందం ఉండి కూడా ఇద్దరికీ ఏ జబ్బూ లేకపోవచ్చునని దీని అర్థం.

ఆ హద్దులు గీసిన పద్ధతి ఇంకా ముఖ్యం. సగటుకు అటు రెండు, ఇటు రెండు ప్రామాణిక విచలనాలు (కొలతలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) తీసుకుని ఆ మధ్య ఉన్నదంతా మామూలు అన్నారు. కొలతలు గంట ఆకారపు వక్రరేఖలో సర్దుకుంటాయనుకుంటే ఈ పద్ధతిలో నూటికి తొంభై అయిదు మంది లోపల ఉంటారు, మిగిలిన అయిదుగురు బయటికి పోతారు. వాళ్లకు జబ్బు ఉన్నందువల్ల బయటికి పోలేదు, గీత అక్కడ గీసినందువల్ల పోయారు. పైగా మేము కొలిచేది ఒక్క కండరం కాదు. కంటికి అయిదు చొప్పున రెండు కళ్లకూ పది కొలతలు తీస్తాం. ఒక్కొక్కటి పై హద్దు దాటే అవకాశం రెండున్నర శాతమే అయినా, పదింటిలో కనీసం ఒకటి దాటే అవకాశం, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదనుకుంటే, సుమారు ఇరవై రెండు శాతం. నిజానికి ఒకే మనిషి కండరాలకు పరస్పర సంబంధం ఉంటుంది. పెద్ద శరీరం, పెద్ద కంటి గూడు ఉన్నవారికి అన్నీ కాస్త పెద్దవిగానే ఉంటాయి, మగవారిలో సగటు ఆడవారి కంటే కొద్దిగా ఎక్కువ. అందువల్ల అసలు శాతం అంతకంటే తక్కువే ఉంటుంది. అయినా, ఏ జబ్బూ లేని మనుషులను వరసగా కొలుచుకుంటూ పోతే "పెరిగిన" కండరం ఒకటి తరచుగానే తగులుతుందన్న మాట నిలుస్తుంది.

ఆవిడ విషయంలో మరొకటి ఉంది. ఆ స్కాను కళ్ల కోసం తీసింది కాదు. కళ్లు ఉబ్బి, రెప్పలు పైకి లాక్కుపోయి, వస్తువులు రెండుగా కనిపిస్తున్న మనిషిలో 6.7 కనిపిస్తే దాని బరువు వేరు. కంటి ఇబ్బందే లేని మనిషి సైనస్ స్కానులో అదే 6.7 కనిపిస్తే దాని బరువు వేరు. అంకె ఒకటే అయినా, దాని అర్థం కొలవక ముందు ఆ మనిషిలో జబ్బు ఉండే అవకాశం ఎంత అన్నదాన్ని పట్టి మారిపోతుంది.

కొలిచే చేయి

శిక్షణలో ఉండగా మా గురువుగారు మా చేత ఒక పని చేయించేవారు. ఒకే స్కాను, ఒకే కండరం, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి గీతలు చెరిపేసి, సాయంత్రం మళ్లీ కొలవమనేవారు. ఒకరోజు నా అంకెలు 4.4, 4.9, 4.6 వచ్చాయి. పక్కన కూర్చున్న స్నేహితుడికి 5.1 వచ్చింది. ఆయన ఆ నాలుగింటినీ బోర్డు మీద రాసి, "వీటిలో ఏది పెరిగింది?" అని అడిగి ఊరుకున్నారు. మేము కొలిచింది మీడియల్ రెక్టస్, దాని పై హద్దు 5.0. మా నాలుగు కొలతల్లో మూడు లోపల, ఒకటి బయట. కండరం మాత్రం ఒక్కటే.

తేడా ఎక్కడి నుంచి వస్తుందో తర్వాత క్రమంగా అర్థమైంది. సీటీలో కంటి కండరం బాగా కనిపించడానికి కారణం దాని చుట్టూ ఉన్న కొవ్వు. సీటీలో సాంద్రతను అంకెల్లో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో కొవ్వు సున్నాకు దాదాపు వంద కింద, కండరం సున్నాకు యాభై పైన ఉంటాయి కాబట్టి మందు ఎక్కించకపోయినా అంచు తెలుస్తుంది. కానీ తెర మీద వెలుగు స్థాయిని మనం ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి ఆ అంచు లోపలికో బయటికో జరుగుతుంది. స్థాయి ఈ రెండింటికీ మధ్యలో ఉంటే అంచు ఉన్నచోటే కనిపిస్తుంది. కిందికి దించితే కండరం లావెక్కినట్టు, పైకి పెంచితే సన్నబడినట్టు అనిపిస్తుంది. ఎమ్మారైలో ఈ ఇబ్బంది మరో రూపంలో వస్తుంది. కొవ్వులోని సంకేతం, నీటిలోని సంకేతం కొద్దిగా వేరు పౌనఃపున్యాల్లో ఉండడం వల్ల కండరానికి ఒక పక్క నల్ల గీత, మరో పక్క తెల్ల గీత ఏర్పడి, అంచు ఎక్కడుందో తేల్చుకోవడం కష్టమవుతుంది.

అంతకంటే పెద్ద తేడా కోత దిశ వల్ల వస్తుంది. అరటికాయను అడ్డంగా కోస్తే గుండ్రటి చక్రం, ఏటవాలుగా కోస్తే పొడుగాటి చక్రం వస్తాయి గదా, ఇక్కడా అంతే. 4.5 మిల్లీమీటర్ల కండరాన్ని సరైన అడ్డకోత నుంచి ముప్ఫై డిగ్రీల ఏటవాలులో కోసి కొలిస్తే 5.2 వస్తుంది. కంటి గూడు రూపం ఈ పొరపాటుకు అనువుగా ఉంది. రెండు గూళ్ల లోపలి గోడలు ఇంచుమించు సమాంతరంగా ఉంటాయి, బయటి గోడలు మాత్రం ఒకదానికొకటి దాదాపు లంబకోణంలో విచ్చుకుని ఉంటాయి. దానివల్ల ముఖానికి సమాంతరంగా తీసే కరోనల్ కోతలో మీడియల్ రెక్టస్ చక్కగా అడ్డంగా తెగుతుంది, లాటరల్ రెక్టస్ ఏటవాలుగా తెగుతుంది. ఇన్‌ఫీరియర్ రెక్టస్ గూటి నేలను ఆనుకుని వెనక్కి పోయేకొద్దీ పైకి ఎక్కుతుంది కాబట్టి, తలను అడ్డంగా కోసే యాక్సియల్ కోతల్లో అది ఒక గడ్డలాగా కనిపించి కొత్తవారిని భయపెట్టిన సందర్భాలు నేను చూశాను.

ఇక అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది చూపు. ఇవి కండరాలు, పని చేసేటప్పుడు ముడుచుకుంటాయి, ముడుచుకున్నప్పుడు కండరపు నడుము, అంటే మధ్యభాగం, లావెక్కుతుంది. చేయి మడిస్తే దండ ఉబ్బడం అందరికీ తెలుసు. కంటి విషయంలో అదే జరుగుతుందని తెలిసి కూడా కొలిచేటప్పుడు మరిచిపోతాం. కంటి వైద్య పరిశోధకుడు జోసెఫ్ డెమర్, ఆయన సహచరులు కళ్లను వేరువేరు దిక్కులకు తిప్పించి ఎమ్మారై తీసి, కండరపు అడ్డుకోత వైశాల్యం చూపుతో పాటు ఎలా మారుతుందో చూపించారు. కండరం పనిచేస్తున్నదా లేదా అని తేల్చడానికి ఆ మార్పునే వారు వాడుకున్నారు. అంటే ఒక గదిలో మార్పును కొలతగా తీసుకుంటున్నాం, పక్క గదిలో ఆ మార్పు అసలు లేనట్టుగా ఒకే అంకె రాసి పంపుతున్నాం.

ఆవిడ స్కానును తెరిచినప్పుడు నేను ముందుగా చూసింది ఇదే. సీటీలో కంటి కటకం తెల్లటి చిన్న బిళ్లలా కనిపిస్తుంది, అది ఎటు తిరిగి ఉంటే చూపు అటు ఉన్నట్టు. ఆవిడ రెండు కటకాలూ ముందుకు కాక కిందికి తిరిగి ఉన్నాయి. బల్ల మీద పడుకుని, గడ్డం కాస్త పైకెత్తి, కాళ్లవైపు చూస్తున్నారన్నమాట. కిందికి చూపు తిప్పే కండరం ఇన్‌ఫీరియర్ రెక్టస్. పని చేస్తున్న సమయంలో దాన్ని కొలిచి లావుగా ఉందన్నాం. ఎడమ కంట్లో అదే కండరం 6.4 ఉంది, రిపోర్టులో దాని ప్రస్తావన లేదు. రెండింటికీ మధ్య 0.3 తేడా. నేను సాయంత్రం కొలిచినదానికీ పొద్దున కొలిచినదానికీ అంతకంటే ఎక్కువ తేడా వచ్చిన రోజులున్నాయి. కండరం చుట్టూ కొవ్వు శుభ్రంగా ఉంది, అంచులు నునుపుగా ఉన్నాయి, కంటి గూటి వెనక కొసన కంటి నరం చుట్టూ కావలసినంత చోటు ఉంది.

ఇంట్లో పాత స్కానులేమైనా ఉన్నాయా అని అడిగితే, ఎనిమిదేళ్ల కిందట నుదుటికి దెబ్బ తగిలినప్పుడు తీసిన ఫిల్ము ఉండాలన్నారు. మూడు రోజుల తర్వాత తెచ్చారు. మడతల దగ్గర పూత లేచిపోయిన ఫిల్ము అది. మూడు మిల్లీమీటర్ల మందపు కోతలు, పక్కన కొలబద్ద గీత ఉన్నాయి. ఆ గీతతో పోల్చి లెక్క కడితే కుడి ఇన్‌ఫీరియర్ రెక్టస్ 6.5 దాకా వచ్చింది. అలాంటి ఫిల్ము మీద అర మిల్లీమీటరు అటూ ఇటూ పోవచ్చు, ఆ మాట ఆవిడకూ చెప్పాను. కానీ ఎనిమిదేళ్ల కిందట కూడా ఆ కండరం సన్నగా లేదనడానికి ఆ ఫిల్ము చాలు. ఆవిడ ఫిల్మును చుట్టి సంచిలో పెట్టుకుంటూ, "అయితే నా కన్ను మొదటి నుంచీ ఇంతేనన్నమాట" అన్నారు.

అంకె లోపల ఉన్నా జబ్బు ఉన్నప్పుడు

ఇంతవరకు చదివినవారికి నేను కొలతలను తేలిక చేస్తున్నట్టు అనిపించవచ్చు. నా నమ్మకాన్ని గట్టిగా కుదిపిన సంగతి ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఒకాయనకు కళ్లలో బరువుగా ఉంటోందని స్కాను తీశారు. ఎడమ మీడియల్ రెక్టస్ 4.7. హద్దు 5.0 కాబట్టి కండరాలన్నీ మామూలుగానే ఉన్నాయని రాసి సంతకం పెట్టాను. అయిదు నెలల తర్వాత ఆయన ప్రతి వస్తువూ రెండుగా కనిపిస్తోందని వచ్చారు. ఈసారి కండరం 6.0 దాటి ఉంది. వెనక్కి తిరిగి వెతికితే, నేను రిపోర్టు రాసిన రోజుకు రెండేళ్ల ముందు ఆయన మెదడుకు తీయించుకున్న స్కాను దొరికింది. అందులో అదే కండరం 3.6 ఉంది. అంటే నేను "మామూలు" అని రాసిన నాటికే అది దాదాపు మూడోవంతు పెరిగింది. జనాభా హద్దు లోపల ఉన్నదని చూశాను, ఆయన సొంత హద్దు దాటిందని చూడలేదు. పాత స్కాను అదే కంప్యూటర్‌లో ఉంది, తెరవడానికి నిమిషం పట్టేది. ఆ తప్పు నాది.

థైరాయిడ్ నేత్రవ్యాధి ఈ విషయంలో చాలా మోసం చేస్తుంది. ఎక్కువమందిలో ముందు ఇన్‌ఫీరియర్ రెక్టస్, తర్వాత మీడియల్, ఆ తర్వాత పైది, చివరికి లాటరల్ పెరుగుతాయని మేమంతా వల్లె వేస్తాం. నడుము ఉబ్బి, కనుగుడ్డుకు అతుక్కునే స్నాయువు సన్నగానే మిగలడం దాని లక్షణమని నేర్చుకుంటాం. కానీ కొందరిలో కండరాలు పెరగవు, కొవ్వు మాత్రమే పెరిగి కన్ను ముందుకు వస్తుంది. మరికొందరిలో కళ్లు చూడడానికి బాగానే ఉంటాయి గానీ స్కానులో కండరాలు అప్పటికే లావెక్కి ఉంటాయి. రక్తపరీక్షలు మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనడానికీ వీల్లేదు. రెండు కళ్లూ సమానంగా పెరిగితే, నేను పైన ఎంతో నమ్మకంగా చెప్పిన "రెండో కంటితో పోల్చడం" అనే ఉపాయం పనికిరాకుండా పోతుంది. ఆవిడ విషయంలో 6.7, 6.4 అని చూసి నేను ఊరట చెందాను. అదే చోట మరొక మనిషి ఉండి, పాత ఫిల్ము లేకపోయి ఉంటే, ఆ సమానత్వమే నన్ను పక్కదారి పట్టించి ఉండేది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొవ్వులో మబ్బు, స్నాయువు తీరు, ఎమ్మారైలో కండరం లోపలి వాపు, కంటి వైద్యులు రెప్పలను చూసి చెప్పే సంగతులు, ఇవన్నీ కలిపి చూడడం తప్ప.

గూటి కొస విషయంలో అయితే చిన్న పెరుగుదలను కూడా వదలకూడదు. నాలుగు రెక్టస్ కండరాలూ అక్కడే ఒక ఉంగరం లాంటి చోటు నుంచి పుడతాయి, కంటి నరం ఆ ఉంగరంలోంచే వెళ్తుంది. నడుము దగ్గర ఒక మిల్లీమీటరు పెరిగితే కొవ్వు సర్దుకుంటుంది, కొస దగ్గర సర్దుకోవడానికి చోటుండదు, నరం నలిగి చూపు పోవచ్చు. ఎక్కువగా రాస్తే భయం మాత్రమే, తక్కువగా రాస్తే చూపే పోవచ్చు, కాబట్టి ఎక్కువగా రాయడమే నయం అని ఒక సహోద్యోగి నాతో వాదిస్తారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ ఆరు వారాల ఫోటోలు చూడకముందు నేనూ అదే అనేవాడిని. ఇప్పుడు అనలేను. అనవసరమైన భయానికి కూడా ఖరీదు ఉంది, అది రిపోర్టు రాసేవారికి కనిపించదు, అంతే. పైగా ప్రతి రిపోర్టులోనూ "పెరిగినట్టుంది" అని చదివి చదివి అలవాటు పడిన వైద్యులు, నిజంగా పెరిగిన రోజున ఆ మాటను అదే అలవాటుతో దాటేస్తారు.

అసలు అంకెలు మానేసి, చూసి అనుభవంతో చెప్పేద్దామా అంటే దానికీ నేను ఒప్పుకోను. కంటికి కనిపించినదాన్ని బట్టి "లావుగా ఉంది" అనే మాట ఇంకా పెద్ద మోసం. కంటి గూడు చిన్నదైతే మామూలు కండరం పెద్దదిగా, గూడు విశాలమైతే పెరిగిన కండరం చిన్నదిగా అనిపిస్తాయి. 4.7 అని రాసి పెట్టినందువల్లే అది 3.6 నుంచి వచ్చిందని తర్వాతైనా తెలిసింది. "మామూలు" అని మాత్రమే రాసి ఉంటే పోల్చడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇప్పుడు ఎలా రాస్తున్నాను

అందుకే అంకెను ఉంచి, దాని చుట్టూ ఉన్నదాన్ని కలిపి రాయడం అలవాటు చేసుకున్నాను. రెండు కళ్ల కొలతలూ పక్కపక్కన రాస్తాను. ఏ కోతలో, కనుగుడ్డు వెనక ఎక్కడ కొలిచానో, చూపు ఎటు ఉందో చెప్తాను. ఒకే దశాంశంతో ఆపుతాను, రెండో దశాంశం యంత్రం చూపించినా దానికి అర్థం లేదు. పాత స్కాను ఉంటే తెరుస్తాను, లేకపోతే లేదని రాస్తాను. స్కాను కళ్ల కోసం తీసినదైతే కదలకుండా ఎదురుగా ఒకే బిందువును చూస్తూ ఉండమని టెక్నీషియన్ చేత చెప్పిస్తున్నాను. ఒక్క వాక్యం ఖర్చుతో తగ్గిపోయే గందరగోళం అది.

ఇంత పొడుగు రాస్తే ఎవరు చదువుతారని అదే సహోద్యోగి మళ్లీ అడిగారు. చదవరేమోనని నాకూ సందేహమే. అందుకని ముగింపు మాటను పైకి తెచ్చి, కొలతలను కింద పెడుతున్నాను. మొన్న ఒక సైనస్ స్కానులో ఇలాగే ఒక కండరం హద్దు దగ్గర తగిలింది. ముగింపులో ఇలా రాశాను: కంటి కండరాల్లో జబ్బును సూచించే మార్పులు కనిపించలేదు. కింద ఇలా ఉంది: ఇన్‌ఫీరియర్ రెక్టస్ కుడివైపు 6.3, ఎడమవైపు 6.1 మిల్లీమీటర్లు, కరోనల్ కోతలో, చూపు కిందికి ఉన్నప్పుడు కొలిచినవి. స్నాయువులు, చుట్టూ కొవ్వు, గూటి కొస మామూలుగా ఉన్నాయి. పోల్చడానికి పాత స్కాను అందుబాటులో లేదు. కంటి లక్షణాలేవైనా మొదలైతే ఈ కొలతలతో పోల్చి చూడగలరు.